మీ ఊరి మట్టి మ్యాప్ మీరే గీయాలంటే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళ కోసం

వేసవి మొదలయ్యే సరికి ఈ ప్రశ్న రాకుండా ఉండదు. డిగ్రీ ప్రాజెక్టు రాసే పిల్లలు అడుగుతారు. ఇటుక బట్టీ పెట్టాలనుకునేవాళ్ళు అడుగుతారు. ఊరి చుట్టూ ఏ మట్టి ఎక్కడుందో ఒక పటం గీసి బడిలో పెట్టాలనుకునే టీచర్లు అడుగుతారు. "రాళ్ళ మ్యాప్ దొరికింది, మట్టి మ్యాప్ ఎలా గీయాలండీ?" అని. విడివిడిగా జవాబులు రాసే బదులు మొత్తం ఒకచోట పెడుతున్నాను.

ఇక్కడ మట్టి అంటే రాయిగా గట్టిపడని పైపొరలన్నీ: బంకమట్టి, ఒండ్రు (ఇసుకకీ బంకకీ మధ్య రకం మెత్తటి మట్టి), ఇసుక, గులకరాళ్ళు, ఎర్ర గ్రావెల్. మొదలుపెట్టే ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మనం గీసేది పైకి కనపడే రంగును బట్టి కాదు. ఆ మట్టి అక్కడికి ఎలా వచ్చిందో దాన్ని బట్టి గీస్తాం. ఏరు తెచ్చి వేసిందా, సముద్రం వేసిందా, కింద రాయే చివికి మట్టయిందా, మనిషి తోలాడా? ఈ నాలుగింటినీ వేరు చేయగలిగితే మ్యాప్ సగం గీసినట్టే.

ఎప్పుడు వెళ్ళాలి

డెల్టా కయ్యల్లో అయితే వరి కోత అయిపోయాక, ఎడగారుకు (రెండో పంటకు) నీళ్ళు వదలకముందు వెళ్ళండి. అప్పుడు నేల బయట పడి ఉంటుంది, కాలవ గట్లు ఎండి ఉంటాయి, బావుల్లో నీళ్ళు దిగి గోడలు కనపడతాయి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి ఆ మూడు నెలలూ వదిలేయండి. మెట్ట ప్రాంతాల్లో జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటుంది. రోహిణి కార్తెలో మాత్రం ఉదయం పదింటికల్లా పని ముగించండి. వడదెబ్బ తగిలితే ఏ మ్యాపూ కాపాడదు.

కావలసినవి

- ఫోన్, అందులో పొలంలో చుక్కలు గుర్తుపెట్టుకునే క్యూఫీల్డ్ యాప్. ఇంట్లో కంప్యూటర్‌లో మ్యాప్ గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్. రెండూ ఉచితమే.
- మట్టి ఆగర్, అంటే నేలలోకి తిప్పుతూ దించి లోపలి మట్టిని పైకి తీసే పనిముట్టు. కొనక్కర్లేదు. వడ్రంగి వాడే అంగుళంన్నర బర్మా కొసను మీటరున్నర ఇనుప కడ్డీకి వెల్డింగ్ చేయించి, పైన అడ్డంగా పిడి పెట్టించండి.
- గడ్డపార, చిన్న పార, పదునైన చాకు.
- రెండు లీటర్ల మామూలు నీళ్ళు, చేయి తడుపుకోవడానికి.
- ఒకే సైజు గాజు సీసాలు పది, బట్టల సోడా కొంచెం.
- పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, చుక్కలు వేసే చిన్న సీసాలో. కాలేజీ ల్యాబ్‌లో కలిపించుకోండి. ఇంట్లో గాఢ ఆమ్లంతో ప్రయోగాలు వద్దు.
- టేపు, గట్టి అట్ట పుస్తకం, పెన్సిల్. పెన్ను వద్దు, చెమటకి, నీటికి అలుక్కుపోతుంది.

1. చోటు, స్కేలు తేల్చుకోండి

మొదటిసారి నాలుగు కిలోమీటర్ల పొడవు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు మించొద్దు. 1:25,000 స్కేలులో అది 16 సెంటీమీటర్ల చదరం, ఏ4 కాగితం మీద సరిపోతుంది. ఈ స్కేలులో కాగితం మీది ఒక మిల్లీమీటరు నేల మీద 25 మీటర్లు. అంటే 75 మీటర్ల కంటే సన్నగా ఉన్న ముక్కను గీసినా కాగితం మీద మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అలాంటివి గీయకుండా చుక్క పెట్టి పక్కన రాయండి.

2. ఇంట్లో కూర్చుని ముందు గీత గీయండి

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి భూకోశ్ పోర్టల్‌లో 1:50,000 భూగర్భ పటాలు ఉచితంగా దొరుకుతాయి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ (ఎత్తుపల్లాలు, ఊళ్ళు, దారులు చూపే పటం) తీసుకోండి. పాత నంబర్ల ప్రకారం నెల్లూరు పట్టణం 57 ఎన్ లోకి, ఒంగోలు 66 ఏ లోకి వస్తాయి. దాని మీద సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం వేయండి. అందులో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్లు. ఏప్రిల్ నెల చిత్రం ఒకటి, డిసెంబరుది ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. డిసెంబరులో నీళ్ళు నిలిచి నల్లగా కనపడేవి పల్లాలు, అప్పుడు కూడా తెల్లగా పొడిగా ఉండేవి ఇసుక దిబ్బలు.

ఇక్కడే చాలామంది చేసే తప్పు ఒకటుంది. పాత టోపోషీట్ డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కించడానికి తీసుకునే ఆధారం) వేరు, ఫోన్ జీపీఎస్ డేటమ్ వేరు. మార్చకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే మీ గీతలన్నీ ఓ పక్కకు జరిగిపోతాయి. పరీక్ష సులువు: రైలు వంతెనో, చెరువు తూమో, నాలుగు రోడ్ల కూడలో ఏదో ఒక దగ్గర నిలబడి ఫోన్ చుక్క మ్యాప్‌లో సరిగ్గా అక్కడే పడుతోందో లేదో చూడండి. పడకపోతే బయల్దేరకండి.

3. గుర్తుల పట్టిక రాసుకోండి

మన రెండు జిల్లాల్లో ఇవి ఉంటే చాలు. తీరంలో బీచ్ ఇసుక, కొత్త దిబ్బలు. లోపలికొస్తే పాత ఇసుక దిబ్బలు, వాటి మధ్య పల్లాల్లో పర్ర నేల (ఉప్పుటేటి బురద పేరుకున్నది), ఉప్పు మడుల నేల. ఏటి పక్కన ఒండ్రు. ఏటి ఇసుక. ఏటికి ఎత్తులో ఉండే పాత గులకరాళ్ళ, ఎర్ర గ్రావెల్ మెట్టలు. వెలికొండల పాదాల దగ్గర జారి వచ్చిన రాళ్ళు కలిసిన మట్టి. అక్కడి రాయే చివికి అయిన మట్టి. చివరిది మనిషి వేసింది: చెరువు కట్టలు, రొయ్యల గుంటల గట్లు, థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద, రోడ్ల కోసం పోసిన గ్రావెల్.

చివరిదాన్ని చిన్నచూపు చూడకండి. తీరం పొడుగునా రొయ్యల గుంటలు తవ్వి మట్టిని తిరగేశారు. గట్టు మీది మట్టి చూసి గీస్తే మీటరు లోతు మట్టిని పైన ఉన్నట్టు చూపించినట్టే.

కనీస మందం ఒక మీటరు అని నియమం పెట్టుకోండి. అంతకంటే పలచటి పొరను విడిగా గీయకండి, పక్కన గమనికగా రాయండి.

4. నడిచే దారి ఎంచుకోండి

మట్టి పట్టీలు తీరానికి సమాంతరంగా సాగుతాయి. కాబట్టి మీరు అడ్డంగా, పడమర నుంచి తూర్పుకు నడవాలి. నేర్చుకోవడానికి నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే దారి బాగుంటుంది. పెన్నా ఒండ్రు కయ్యలతో మొదలవుతుంది. ఇందుకూరుపేట దాటి తీరం దగ్గర పడేకొద్దీ తాటితోపులు, సరుగుడు తోపులు కనపడతాయి, కాళ్ళ కింద ఇసుక మొదలవుతుంది. బకింగ్‌హాం కాలువ దాటాక సముద్రం. ఊళ్ళు ఎక్కడున్నాయో గమనించండి. తీరంలో పాత ఊళ్ళు చాలావరకు ఇసుక దిబ్బ మీదే ఉంటాయి. తాగే నీళ్ళు అక్కడే దొరుకుతాయి, వరద అక్కడికి ఎక్కదు. వరి కయ్యలు పల్లంలో ఉంటాయి. ఊరి అంచే చాలాసార్లు మీ గీత.

చదరపు కిలోమీటరుకు నాలుగు చోట్లకు తక్కువ కాకుండా మట్టి చూడండి. అంటే మొత్తం 60, 65 చుక్కలు. కొత్తగా తీసిన పునాదులు, బావులు, కాలవ కోతలు, ఇటుక బట్టీ వాళ్ళ మట్టి గుంటలు ఉంటే ఆగర్ అక్కర్లేదు. గోడను చాకుతో గీకి తాజా ముఖం చూడండి.

పొలం ఎవరిదో అడగకుండా తవ్వకండి. "మట్టి ఎందుకయ్యా" అంటే మ్యాప్ చూపించండి. బోరు వేయించినవాళ్ళకి, బావి తవ్వినవాళ్ళకి కింద ఏముందో మనకంటే బాగా తెలుసు. "పైన రెండడుగులు రేగడి, దాని కింద పిండి ఇసుక, తర్వాత నీలిమట్టి, అది తగిలాక నీళ్ళు ఉప్పన" అని వరసగా చెప్పేస్తారు. ఆ మాటల్నే యథాతథంగా రాసుకోండి. పులికాట్, నేలపట్టు అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా తవ్వకూడదు. శ్రీహరికోట జోలికి వెళ్ళొద్దు. కృష్ణపట్నం చుట్టుపక్కల పైపులైన్ల గుర్తుల రాళ్ళు కనపడితే అక్కడ ఆగర్ దించకండి.

5. చేతిలో పరీక్ష

పై అడుగు మట్టిని పక్కన పడేయండి. దాని కింద మట్టిని నిమ్మకాయంత తీసుకోండి. రాళ్ళు, వేళ్ళు ఏరేసి, చుక్క చుక్కగా నీళ్ళు పోస్తూ పూరీ పిండిలా అయ్యేదాకా పిసకండి. ఒకటి రెండు నిమిషాలు పిసకాలి. ఎండిన రేగడి గడ్డలు లోపల పొడిగానే ఉండి మోసం చేస్తాయి.

ఇప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రిబ్బన్‌లా ముందుకు తోయండి. అసలు రిబ్బనే రాకుండా రాలిపోతే ఇసుక. రెండున్నర సెంటీమీటర్ల లోపే తెగితే ఇసుకో ఒండ్రో ఎక్కువ కలిసిన మట్టి. అయిదు సెంటీమీటర్లు దాటి వేలాడితే బంకమట్టి అని ధైర్యంగా రాయండి. మధ్యలోవి మధ్యలోవే.

అందరూ తడబడేది ఒండ్రుకీ బంకకీ మధ్య. రెండూ చేతికి నున్నగానే ఉంటాయి. దీనికి నాకు నచ్చిన పరీక్ష ఇది. మట్టిని ఇంకాస్త తడి చేసి అరచేతిలో చిన్న అప్పంలా పరవండి. రెండో చేత్తో ఆ చేతిని పక్కనుంచి టకటక కొట్టండి. ఒండ్రు అయితే పది దెబ్బల్లో పైకి నీరు వచ్చి అప్పం మిలమిల మెరుస్తుంది. వేళ్ళతో కాస్త నొక్కండి, ఆ నీరు ఒక్కసారిగా లోపలికి ఇంకిపోయి మెరుపు పోతుంది. బంకమట్టి ఎంత కొట్టినా మారదు. కానీ ఆరిన ముద్దను చాకుతో కోస్తే కోసిన చోట నిగనిగలాడుతుంది. ఒండ్రు కోస్తే మెరవదు.

కొన్ని పుస్తకాలు మట్టిని పళ్ళ మధ్య కొరికి చూడమంటాయి. మన పొలాల్లో కొట్టే పురుగుమందులు, గుంటల్లో వేసే మందులు తెలిసి ఆ పని చేయొద్దంటాను.

6. బంకమట్టి అని తేలాక: ఏ బంకమట్టి?

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. అసలు మ్యాపింగ్ ఇదే.

రాయి చివికి అయిన బంక: తవ్వేకొద్దీ రాయి ఆనవాళ్ళు పెరుగుతాయి. మట్టి అంతా మెత్తగా ఉన్నా పలుగురాయి చార మాత్రం చెదరకుండా అడ్డంగా సాగుతుంటుంది. అభ్రకం పొరలు రాయిలో ఎలా వాలి ఉన్నాయో అలాగే వాలి ఉంటాయి. సైదాపురం, గూడూరు అభ్రకం నేలల్లో ఇది బాగా చూడొచ్చు. కింద హద్దు ఉండదు, మెల్లగా రాయిలోకి దిగిపోతుంది.

ఏటి బంక: సన్న పొరలు పొరలుగా ఉంటుంది, మధ్య మధ్య వేలెడు మందం ఇసుక. అభ్రకం రేకులు మెరుస్తుంటాయి కానీ అన్నీ పరుపులా పడుకుని ఉంటాయి. రాయి ఆనవాలు ఉండదు.

పర్ర బంక: ఉప్పుటేరులో, బురద పల్లంలో పేరుకున్నది. ఓసారి తీరం దగ్గర రొయ్యల గుంట తవ్వుతుంటే అడుగున నిలబడి చూశాను. యంత్రం తొట్టి పైకి లేచేటప్పుడు ముద్ద నీలం కలిసిన బూడిద రంగు, కుళ్ళిన గుడ్డు వాసన, మధ్యలో తెల్లటి గుల్లలు. గట్టు మీద పోసిన ముద్దను మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చూస్తే పైపొర గోధుమ రంగులోకి తిరిగింది. విరిచి చూస్తే లోపల ఇంకా నీలమే. అందుకే రంగు తీసిన వెంటనే రాయండి, తడిగా ఉన్నప్పుడే రాయండి. ఎండిన రంగు విడిగా రాయండి.

చెరువు బంక: చెరువు గర్భంలోనే ఉంటుంది, మధ్యలో మందం, అంచులకు పలచన. తుంగ వేళ్ళు, నత్త గుల్లలు దొరుకుతాయి.

ఈ చెరువు బంకే నన్ను ఒకసారి పెద్ద తప్పు చేయించింది. పొదిలి దారిలో ఎర్రనేలల మధ్య ఒకచోట నలభై ఎకరాల దాకా నల్లగా కనపడితే నల్లరేగడి అని గీసేశాను. ఆగర్ దించలేదు, ఎండ మండిపోతోందని. సాయంత్రం ఆ పొలం పెద్దాయన మ్యాప్ చూసి, "అది మా చెరువు మట్టయ్యా. మా నాయన బండ్ల మీద తోలించాడు, నేను ట్రాక్టర్ల మీద తోలించా" అన్నారు. మర్నాడు వెళ్ళి దించితే పద్దెనిమిది అంగుళాల కింద ఎర్రమట్టే. చెరువు మట్టి తోలని ఊరు మన దగ్గర అరుదు. నల్లరేగడి అని రాసే ముందు అడుగున్నర దాటి మరో రెండడుగులు చూడండి. నిజమైన రేగడి అయితే వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి ఉంటాయి, లోపల గడ్డల ముఖాలు ఒకదాని మీద ఒకటి జారి నునుపు దేరి ఉంటాయి.

ఏటి పక్కన దీనికి తలకిందుల సంగతి. 2021 నవంబరు పెన్నా వరద పడుగుపాడు దగ్గర రైలు పట్టాల్ని, హైవేని కోసేసింది. ఏటి పక్క పొలాల్లో ఇసుక మేటలు వేసింది. అలాంటిచోట పైన ఇసుక కనపడుతుంది, కింద ఒండ్రు ఉంటుంది. మేట మీటరు లోపు అయితే ఒండ్రు రంగే వేసి, దాని మీద చుక్కలు పెట్టండి.

7. సీసా పరీక్ష

ప్రతి చుక్కకీ అక్కర్లేదు, అనుమానం ఉన్న పదింటికి చాలు. పొడి చేసిన మట్టి సీసాలో మూడో వంతు, నీళ్ళు సీసా ముప్పాతిక నిండేదాకా, బట్టల సోడా అర చెంచా. పది నిమిషాలు గట్టిగా కదిపి కదలనిచోట పెట్టండి. నిమిషానికి దిగింది ఇసుక, అక్కడ గీత పెట్టండి. మట్టి పైన నీళ్ళు పది సెంటీమీటర్ల ఎత్తుంటే మన వేడికి ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ఒండ్రు దిగుతుంది, రెండో గీత. మిగిలింది బంక. అది దిగడానికి రోజులు పట్టొచ్చు.

తీరం మట్టితో జాగ్రత్త. ఉప్పు ఉంటే బంక రేణువులు ముద్దలు కట్టి గబగబా దిగిపోతాయి. గంటలో నీళ్ళు తేటబడితే "ఒండ్రే" అని పొరబడతారు. ముందు సోడా లేకుండా మంచినీళ్ళు పోసి కదిపి, తేరిన నీళ్ళు ఒంపేయండి. ఇలా మూడుసార్లు ఉప్పు కడిగాక పరీక్ష చేయండి. ఇంకోటి, బంక పొర ఉబ్బి ఉంటుంది కాబట్టి ఉన్నదానికంటే మందంగా కనపడుతుంది. ఈ లెక్క అంచనాకే, ల్యాబ్ రిపోర్టుకి బదులు కాదు.

8. ఆమ్లం చుక్క

మట్టి మీద ఒక చుక్క. బుసబుసమంటే సున్నం ఉంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. టాయిలెట్ క్లీనర్ వాడేవాళ్ళు ఉన్నారు, కానీ దాని చిక్కదనం, రంగు బుడగల్ని దాచేస్తాయి. గుల్ల ముక్క మీద పడినా పొంగుతుంది. కాబట్టి పొంగింది మట్టా, గుల్లా, తెల్లటి సున్నపు గుళ్ళా అనేది భూతద్దంతో చూసి రాయండి.

9. గీత గీయడం

రెండు మట్టుల హద్దు మీద నిలబడి చూస్తే నిండు గీత. రెండు చుక్కల మధ్య ఎక్కడో మారింది, ఊహించారు అంటే తెగిన గీత. పైన మరో పొర కప్పేసింది అంటే చుక్కల గీత. సిగ్గుపడి తెగిన గీతల్ని నిండు గీతలు చేయకండి. మ్యాప్ చూసి పునాది తీసేవాళ్ళు ఉంటారు.

హద్దు దొరకాలంటే సగానికి సగం చేస్తూ వెళ్ళండి. ఇక్కడ ఇసుక, 200 మీటర్ల అవతల బంక అయితే నడి మధ్యలో ఆగర్ దించండి. ఇసుక వస్తే బంక వైపు సగం, బంక వస్తే ఇసుక వైపు సగం. మూడు గుంటల్లో హద్దు 25 మీటర్ల లోపు తేలుతుంది, అంటే మీ కాగితం మీద ఒక మిల్లీమీటరు. అంతకంటే అక్కర్లేదు. పొలం గట్టు వెంబడి తిన్నగా గీత వస్తే అనుమానించండి. మట్టికి సర్వే నంబర్లు తెలియవు.

పొడి ఇసుకలో ఆగర్ నిలవకపోతే ఒక చెంబు నీళ్ళు పోసి దించండి. ఎండిన రేగడిలో దిగకపోతే రాత్రి నీళ్ళు పోసి వదిలి పొద్దున్నే రండి. ఇసుకలో నడుము లోతు దాటిన గుంటలోకి ఎప్పుడూ దిగకండి, గోడ చెప్పకుండా కూలుతుంది.

10. సరిగ్గా వచ్చిందా?

మొదట ఒక నిలువు కోత గీయండి, అంటే నేలను పడమర నుంచి తూర్పుకు నిలువునా కోస్తే పొరలు ఎలా కనపడతాయో ఆ బొమ్మ. పాత గ్రావెల్ కింద కొత్త ఏటి ఇసుక వచ్చినా, పర్ర నేల దిబ్బ శిఖరం మీద కూర్చున్నా ఎక్కడో తప్పు గీశారు. ఆ చుక్క దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి.

తర్వాత ఇంతకుముందు చూడని 20 చోట్లు కంప్యూటర్‌తో యాదృచ్ఛికంగా తీయించి, మ్యాప్ చూడని స్నేహితుణ్ణి పంపండి. ఆయన రాసుకొచ్చింది మీ మ్యాప్‌తో పోల్చండి. 20లో 16 కలిస్తే నాకు సంతోషం. 12 లోపు అయితే ఏ రెండు మట్టుల మధ్య పొరపాటు పడుతున్నారో చూడండి. దాదాపు ఎప్పుడూ ఒకే జంట తేలుతుంది, ఒండ్రూ బంకా. అయిదో మెట్టు మళ్ళీ చేయండి.

భూకోశ్ పటంతో కూడా పోల్చండి. తేడా ఉంటే కంగారు పడకండి, దాని స్కేలు వేరు. తేడా ఉన్నచోట మీ దగ్గర ఆగర్ గుంట ఉందా లేదా అన్నదే ప్రశ్న.

కాగితం అంచున స్కేలు, ఉత్తరం గుర్తు, తేదీ, ఎన్ని చుక్కలు చూశారు, ఎంత లోతు దించారు, ఇవి రాయండి. మట్టి కవర్లకు చీటీ లోపల ఒకటి, బయట ఒకటి. బయటిది తప్పకుండా చెరిగిపోతుంది. ఆగర్ గుంటలన్నీ పూడ్చి కాలితో తొక్కారా అని పుస్తకం చూసి ఒక్కొక్కటీ టిక్ పెట్టండి. సాయంత్రం గొడ్లు ఆ దారినే ఇంటికొస్తాయి.